పట్టీలో లేని గడి



బాస్కెట్‌బాల్ ఆటగాడి విలువను అంకెలు చెబుతాయా, అంకెలకు అందని గుణాలు చెబుతాయా అన్నది ఆ ఆట తెలిసినవాళ్ళ మధ్య పాత తగాదా. ఒకరు పాయింట్ల పట్టీ తీసి చూపిస్తారు. ఇంకొకరు ఆ పట్టీ పక్కన పెట్టమంటారు. పట్టుదల, తోటివాళ్ళను ఆడించే నేర్పు, గడ్డు సమయంలో చలించని మనసు, ఇవన్నీ నీ పట్టీలో ఎక్కడున్నాయని అడుగుతారు. ఈ తగాదాకు చరిత్రలో ఇద్దరు అమెరికన్ ఆటగాళ్ళు చిరునామాగా నిలిచిపోయారు. ఒకరు బిల్ రస్సెల్, రెండోవారు విల్ట్ ఛాంబర్లెయిన్. 1959 నుంచి 1969 దాకా పదేళ్ళు ఎదురెదురుగా ఆడారు. వాళ్ళ కథ పూర్తిగా తెలిస్తే, అంకెలా గుణాలా అన్న ప్రశ్ననే కొంచెం మార్చి అడగవలసి వస్తుందని నా అభిప్రాయం.

ముందుగా 1961–62 సీజన్ సంగతి చూద్దాం. అమెరికాలో బాస్కెట్‌బాల్‌ను వృత్తిగా ఆడే జట్ల లీగును ఎన్.బి.ఎ. అంటారు. ఆ ఏడు అందులో తొమ్మిది జట్లే ఉన్నాయి. ఫిలడెల్ఫియా వారియర్స్ తరఫున ఆడిన ఛాంబర్లెయిన్ ఏడడుగుల పైచిలుకు మనిషి. ఆ సీజన్‌లో అతను మ్యాచికి సగటున 50.4 పాయింట్లు చేశాడు. మొత్తం 4,029 పాయింట్లు. ఇవాళ్టివరకు ఆ సగటు దరిదాపుల్లోకి ఇంకో ఆటగాడు వచ్చింది లేదు. మ్యాచి నిడివి 48 నిమిషాలైతే, అతను మైదానంలో ఉన్న సగటు సమయం 48.5 నిమిషాలు. ఇదేం లెక్క అంటారేమో! స్కోరు సమమైనప్పుడు అదనపు సమయం ఆడిస్తారు కదా, అదీ కలిసింది. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీ అనే ఊళ్ళో న్యూయార్క్ జట్టు మీద ఒక్క మ్యాచిలోనే 100 పాయింట్లు చేశాడు.

బోస్టన్ సెల్టిక్స్ జట్టులో ఆడిన రస్సెల్ అదే సీజన్‌లో చేసినవి మ్యాచికి సగటున 18.9 పాయింట్లు. అంటే ఛాంబర్లెయిన్ చేసినదాంట్లో సగం కూడా కాదు. బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు. అందులోనూ ఛాంబర్లెయిన్‌దే పైచేయి, అతనికి 25.7, రస్సెల్‌కు 23.6.

ఆ రోజుల్లో ఏడాది చివర ఆటగాళ్ళే ఓట్లు వేసి తమలో అత్యంత విలువైన ఆటగాణ్ణి ఎన్నుకునేవాళ్ళు. ఓట్లు లెక్కపెట్టారు. గెలిచింది రస్సెల్.

ఇంతటితో ఐతే అదొక వింత అని వదిలేయవచ్చు. కానీ ఆ ఏడే ఇంకో ఎన్నిక కూడా జరిగింది. లీగు మొత్తంలోంచి ఐదుగురు ఉత్తమ ఆటగాళ్ళతో ఒక మొదటి జట్టు, తర్వాతి ఐదుగురితో రెండో జట్టు ప్రకటించడం ఆనవాయితీ. దీనికి ఓటు వేసేది పత్రికల వాళ్ళు, వ్యాఖ్యాతలు. వాళ్ళు మొదటి జట్టులో ఛాంబర్లెయిన్‌ను పెట్టి, రస్సెల్‌ను రెండో జట్టులోకి నెట్టారు. 1958లోనూ, 1961లోనూ ఇదే తంతు. అంటే మూడుసార్లు, ఎదురు నిలిచి ఆడినవాళ్ళు ఎవరిని లీగు మొత్తానికి మొదటివాడన్నారో, అతన్ని ఒడ్డున కూర్చుని చూసినవాళ్ళు రెండో వరసలో నిలబెట్టారు. పత్రికలవాళ్ళు ఆట చూడలేదని కాదు. కాని మర్నాటి పేపరుకు వాళ్ళు పంపవలసింది ఒక పట్టీ. ఆ పట్టీలో ఉన్న గడులేవో, వాళ్ళ కళ్ళు వెతికినవీ అవే. ఆటగాళ్ళకు ఆ పట్టీతో పనిలేదు. బంతి పట్టుకుని బుట్టవైపు దూసుకుపోతుంటే రస్సెల్ ఎక్కడున్నాడో అన్న గుబులు వాళ్ళకు ఒంటికి తెలుసు.

అసలు ఆ పట్టీ ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. బాస్కెట్‌బాల్‌ను 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు రూపొందించాడు. చలికాలంలో గదిలోపల ఆడుకోవడానికి ఏదైనా కావాలి. పీచు పళ్ళు పోసే బుట్టలు రెండు పైన మేకులు కొట్టి బిగించారు, పదమూడు నియమాలు రాసి గోడకు అంటించారు. జట్టుకు తొమ్మిదిమంది. మొదటి ఆట 1–0తో ముగిసింది. రాసుకోవలసిన అంకె ఒక్కటే!

అదే వై.ఎం.సి.ఎ. ద్వారా ఈ ఆట మన దక్షిణాదికీ వచ్చి స్థిరపడింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్న హెచ్. సి. బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాడు. అక్కడ తయారైన డ్రిల్లు మాస్టార్లు మద్రాసు రాజధాని నలుమూలలకూ వెళ్ళారు. మన ప్రాంతాల బడుల్లో ఇనుప చట్రం తుప్పుపట్టి, వల చిరిగిపోయినా నిటారుగా నిలబడి ఉండే ఆ బాస్కెట్‌బాల్ స్తంభాల వెనుక ఆ పరంపర కొంత ఉంది.

ఇక లెక్కల సంగతి. ఎన్.బి.ఎ.గా మారిన లీగు 1946లో మొదలైంది. మొదట పాయింట్లు, బుట్ట పడేలా బంతి అందించిన అసిస్టులు రాసేవారు. రీబౌండ్లు 1950–51 నుంచి రాయడం మొదలుపెట్టారు. ఎదుటివాడు బుట్టకేసిన బంతిని గాలిలోనే అడ్డుకోవడాన్ని బ్లాక్ అంటారు, ఎదుటివాడి చేతిలోంచి బంతి లాక్కోవడాన్ని స్టీల్ అంటారు. ఈ రెండింటికీ పట్టీలో గడులు ఎప్పుడొచ్చాయనుకున్నారు? 1973–74లో. రస్సెల్ ఆట మానేసింది 1969లో. ఛాంబర్లెయిన్ మానేసింది 1973లో, సరిగ్గా ఆ గడులు తెరిచేముందు. రస్సెల్ జీవితమంతా ఏ పనిలో అగ్రగణ్యుడో ఆ పనికి పట్టీలో గడే లేదు. అధికారిక రికార్డు పుస్తకం ప్రకారం రస్సెల్ చేసిన బ్లాకుల లెక్క ఖాళీ.

ఆ పని ఎలాంటిదో వివరంగా చెప్పాలి. ఏ విలువ ఎక్కడ తప్పిపోయిందో అప్పుడే తెలుస్తుంది. పొడగరి ఆటగాడు బ్లాక్ చేసేటప్పుడు బంతిని అరచేత్తో చాచికొట్టి ప్రేక్షకుల్లోకి పంపడం మామూలు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, జనం ఈలలు వేస్తారు. కానీ బంతి గీత దాటిపోతే మళ్ళీ అది ఎదుటి జట్టుకే దక్కుతుంది. రస్సెల్ అలా కొట్టేవాడు కాదు. బంతిని వేళ్ళతో తట్టి మైదానంలోనే ఉండేటట్టు, వీలైతే తనవాడి చేతికి అందేటట్టు మళ్ళించేవాడు. అందుకున్నవాడు రెండో వైపు బుట్టకేసి పరుగు తీసేవాడు. ఎదుటి జట్టుకు రావలసిన రెండు పాయింట్లు పోయి, తమకు రెండు పాయింట్లు వచ్చేవి. పట్టీలో ఆ రెండు పాయింట్లు బుట్టలో వేసినవాడి పేరు మీద పడతాయి. రస్సెల్ పేరు ఆ వరసలో ఎక్కడా కనబడదు.

ఇంకో సూక్ష్మం ఉంది. రస్సెల్ ఉన్నాడని తెలిసి ఎదుటివాడు బుట్టదాకా రాకుండా మధ్యలోనే ఆగి, దూరంనుంచి విసిరి గురి తప్పితే, దాన్ని ఏ గడిలో రాస్తారు? విసరకుండా వదిలేసిన బంతిని ఎవరు లెక్కపెడతారు? కావలి కుక్క మొరిగిన రాత్రులు గుర్తుంటాయిగాని, దొంగ అసలు వీధిలోకే రాని రాత్రులు ఎవరికీ గుర్తుండవు.

సెల్టిక్స్ శిక్షకుడు రెడ్ ఆవర్‌బాక్‌కు ఇది తెలుసు. జీతాల గురించి మాట్లాడేటప్పుడు పాయింట్ల పట్టీ ముందు పెట్టుకోకూడదన్నది ఆయన పద్ధతి. ఐనా జీతం మాటకొస్తే రస్సెల్ కూడా ఒకసారి అంకె చూపించాడు. 1965లో ఛాంబర్లెయిన్ ఏడాదికి లక్ష డాలర్ల ఒప్పందం చేసుకున్నాడని తెలియగానే, తనకు లక్షా ఒక్క డాలరు కావాలన్నాడు. ఇచ్చారు. లెక్కకు అందని గుణాల ప్రతినిధి ఆ ఒక్క డాలరు దగ్గర మాత్రం లెక్క ఖచ్చితంగా చూసుకున్నాడు.

రస్సెల్ పక్షం వాళ్ళు చెప్పే వాదన తేలికైనది. పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్ళు. అందులో 1959 నుంచి 1966 దాకా వరసగా ఎనిమిది. ఇద్దరూ ఎదురెదురుగా నూట నలభైకి పైగా మ్యాచీలు ఆడితే, వాటిలో గెలుపు ఎక్కువసార్లు రస్సెల్ జట్టుది. ఏడు మ్యాచీల పోటీలో ఆఖరిదైన ఏడో మ్యాచిదాకా వచ్చిన సందర్భాలు రస్సెల్ వృత్తి జీవితంలో పది. పదీ గెలిచాడు. 1962 ఫైనల్లో లాస్ ఏంజిల్స్ లేకర్స్‌తో ఏడో మ్యాచి అదనపు సమయందాకా వెళితే, 30 పాయింట్లు చేసి 40 రీబౌండ్లు అందుకున్నాడు.

ఇక్కడ ఒక్క మాట గమనించాలి. అంకెలను నమ్మవద్దనేవాళ్ళు చివరికి మన ముందు పెట్టేది కూడా ఒక అంకె. పదకొండు! పైగా ఆ పదకొండు ఒక్క మనిషిది కాదు. రస్సెల్ పక్కన బాబ్ కూజీ, శామ్ జోన్స్, టామ్ హైన్సన్, జాన్ హావ్లిచెక్ లాంటి ఉద్దండులు ఆడారు. అదృష్టం పాలు కూడా ఉంది. 1965 ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాతో ఏడో మ్యాచి. మరి కొద్ది సెకన్లే మిగిలాయి. బోస్టన్ 110, ఫిలడెల్ఫియా 109. బంతి బోస్టన్‌ది. గీత బయటనుంచి లోపలికి విసరవలసింది రస్సెల్. విసిరాడు. ఆ బంతి బుట్ట స్తంభాన్ని పట్టి ఉంచే తీగకు తగిలింది. నియమం ప్రకారం బంతి ఎదుటి జట్టుకు పోయింది. ఫిలడెల్ఫియా వాళ్ళు ఒక్క బుట్ట వేస్తే ఆట వాళ్ళది. వాళ్ళు లోపలికి విసిరిన బంతిని హావ్లిచెక్ చెయ్యి చాచి మళ్ళించాడు. బోస్టన్ గెలిచింది, తర్వాత ఆ ఏటి టైటిలూ గెలిచింది. ఆ చెయ్యి నాలుగంగుళాలు తక్కువ సాగి ఉంటే? రస్సెల్ ఆ రోజు ఎంత గట్టి గుండెవాడో, అప్పుడూ అంతే ఉండేవాడు కదా. టైటిళ్ళ సంఖ్య మాత్రం బహుశా పదే అయ్యేది. పెద్ద జట్టు గెలుపును ఒక్క మనిషి గుణంగా రాసేవాళ్ళు ఆ తీగను మరచిపోతారు.

పెద్ద అంకెల మీద కూడా ఇదే విధంగా అనుమానం పెట్టుకోవాలి. 1961–62లో ఆట ఎంత వేగంగా సాగేదంటే, ఒక్కో జట్టు మ్యాచికి సుమారు 107 సార్లు బుట్టకేసి బంతి విసిరేది. ఈ మధ్య సంవత్సరాల్లో అది 90కి లోపే. విసిరినవి ఎక్కువైతే పాయింట్లూ ఎక్కువే, తప్పినవి ఎక్కువైతే అందుకోవలసిన రీబౌండ్లూ ఎక్కువే. హెర్షీలో ఆ 100 పాయింట్ల రాత్రి చివరికొచ్చేసరికి, ఛాంబర్లెయిన్ జట్టువాళ్ళు బంతి తొందరగా తిరిగి రావాలని న్యూయార్క్ ఆటగాళ్ళను కావాలనే ఫౌల్ చేశారు. పట్టీలో ఆ సంగతి కనిపించదు. ఆ మ్యాచికి కదిలే చిత్రం ఏదీ లేదు. మిగిలింది ఆఖరి భాగం రేడియో వ్యాఖ్యానం మాత్రమే. మనం రేడియో మనుషులం కాబట్టి ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను. జట్టు లెక్కలు చూసే హార్వీ పొలాక్ అప్పటికప్పుడు ఒక కాగితం మీద ‘100’ అని రాసి ఛాంబర్లెయిన్ చేతికిచ్చాడు. ఆ ఫోటోయే లోకమంతా చూసింది. ఈ పొలాక్, అధికారిక పట్టీలో గడి లేనివాటిని కూడా సొంతంగా లెక్కపెట్టుకునే అలవాటున్న మనిషి. ఆట లెక్కలకు అలాంటివాళ్ళు ఇంకో పదిమంది అప్పుడే ఉండి ఉంటే మన తగాదా చాలావరకు తీరిపోయేది.

ఎందుకంటే తర్వాత జరిగింది అదే. లెక్కలు మెరుగుపడ్డాయి. పాత మ్యాచీల మొత్తాలనుంచి, ఒక్కో జట్టుకు బంతి ఎన్నిసార్లు చేతికొచ్చిందో అంచనా కట్టే సూత్రాలు వచ్చాయి. డీన్ ఆలివర్ 2004లో ప్రచురించిన పుస్తకం ఈ తరహా లెక్కలను చాలామందికి పరిచయం చేసింది. మ్యాచికి ఎన్ని పాయింట్లు అని కాకుండా, బంతి వందసార్లు చేతికొస్తే ఎన్ని పాయింట్లు అని అడగడం ఇందులో కీలకం. ఈ కొలతతో పాత సీజన్లు తిరిగి చూస్తే ఒక విచిత్రం బయటపడింది. సెల్టిక్స్ జట్టు పాయింట్లు దండిగా చేస్తుందని ఆ రోజుల్లో పేరు. నిజానికి వాళ్ళు వేగంగా ఆడటంవల్ల పాయింట్లు పెద్దవిగా కనిపించాయి. వందకు ఇంత అని లెక్కగడితే, 1960లలో చాలా సీజన్లలో వాళ్ళ దాడి లీగు సగటుకంటే తక్కువే. వాళ్ళను గెలిపించింది రక్షణ. ఎదుటివాళ్ళను కట్టడి చెయ్యడంలో, రస్సెల్ ఉన్న దాదాపు ప్రతి సీజన్‌లోనూ బోస్టన్‌దే మొదటి స్థానం. కూజీ 1963లో ఆట మానేశాక జట్టు పడిపోతుందని అనుకున్నవాళ్ళు చాలామంది. పడిపోలేదు. ఆ తర్వాతి సీజన్‌లో 59 గెలిచి 21 మాత్రమే ఓడింది. 1968–69లో, రస్సెల్ ఆఖరి సీజన్‌లో, 48 గెలుపులు, 34 ఓటములు. అతను పోయిన మరుసటి ఏడు 34 గెలుపులు, 48 ఓటములు. అంకెలు అటూ ఇటూ తారుమారయ్యాయి! శామ్ జోన్స్ కూడా అదే సంవత్సరం మానేశాడు కాబట్టి తేడా మొత్తాన్ని రస్సెల్ ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు. అయినా మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది.

అంటే చూడండి, 1962లో ఆటగాళ్ళు ఓటుతో చెప్పినదాన్ని దశాబ్దాల తర్వాత లెక్కలు ఒప్పుకున్నాయి. అప్పట్లో దాన్ని ‘లెక్కకు అందని గుణం’ అన్నారు. అందులో చాలా భాగం అందనిది కాదు, ఎవరూ అందుకోవడానికి ప్రయత్నించనిది. ఇదే నేను మొదట్లో అన్న మార్పు. అంకెలా, గుణాలా అని అడిగేముందు, ఆ పట్టీ గీసినవాడు ఏ గడులు గీశాడు, ఏవి వదిలాడు అని అడగాలి.

ఈ కాలానికి దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. షేన్ బాటియే అనే ఆటగాడు 2006లో హ్యూస్టన్ రాకెట్స్ జట్టులో చేరాడు. మ్యాచికి ఏడెనిమిది పాయింట్లు చేసే మనిషి. పట్టీ చూస్తే సామాన్యుడు. అతను మైదానంలో ఉన్నంతసేపూ జట్టు ఎదుటివాళ్ళకంటే మెరుగ్గా ఆడుతుందని, అతను బయట కూర్చుంటే ఆ తేడా తగ్గుతుందని ఆ జట్టు లెక్కలవాళ్ళు గమనించారు. 2009లో మైకేల్ లూయిస్ అనే రచయిత న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రికలో అతని గురించి పెద్ద వ్యాసం రాశాడు. కోబీ బ్రయంట్ లాంటి మేటిని కాపలా కాసేటప్పుడు బాటియే బంతిని బ్లాక్ చెయ్యాలని చూసేవాడు కాదట. అతని కళ్ళకు అడ్డంగా చెయ్యి పెట్టేవాడు, గురి తక్కువగా కుదిరే చోటికి మెల్లగా తోసుకుపోయేవాడు. గడి లేని పనే మళ్ళీ!

మైదానంలో ఉన్నప్పుడు జట్టుకు వచ్చిన పాయింట్లలోంచి ఇచ్చిన పాయింట్లు తీసేసే ఈ లెక్క గొప్పదే. ఐతే దీనికీ చిక్కు ఉంది. మైదానంలో అతనితోపాటు ఇంకా తొమ్మిదిమంది ఉంటారు. పది తెలియని రాశులకు ఒకటే సమీకరణం ఇచ్చి జవాబు చెప్పమంటే ఎలా? వేలాది మ్యాచీ ముక్కలు పేర్చి, ఎవరు ఎవరితో ఉన్నప్పుడు ఏమైందో విడదీసి చూడాలి. అలా చూస్తున్నారు. 2013–14 నుంచి అన్ని ఎన్.బి.ఎ. మైదానాల పైకప్పుల్లోనూ కెమెరాలు పెట్టి బంతి కదలిక, ప్రతి ఆటగాడి కదలిక నమోదు చేస్తూ వచ్చారు. ఎదుటివాడి బంతికి వేలు తగిలించడం, తోటివాడికి దారి చెయ్యడం, ఇలాంటివాటికి కూడా ఇప్పుడు గడులున్నాయి.

ఇంతవరకు విన్నవాళ్ళు నేను రస్సెల్ పక్షమనుకుంటారు. కాని ఈ కథలో నన్ను ఎక్కువ కలతపెట్టేది ఛాంబర్లెయిన్ భాగమే. గుణాల పేరుతో ఒక మనిషికి ఎంత అన్యాయం చెయ్యవచ్చో అతని కథ చెబుతుంది. పాయింట్లు ఎక్కువ చేసినంతకాలం స్వార్థపరుడన్నారు. 1966–67లో ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ శిక్షకుడు అలెక్స్ హానమ్ మాట విని, తను వెయ్యడం తగ్గించి తోటివాళ్ళకు బంతి అందించాడు. సగటు 24.1 పాయింట్లకు దిగింది, అసిస్టులు మ్యాచికి 7.8కి చేరాయి. జట్టు 68 గెలిచి 13 ఓడింది, రస్సెల్ సెల్టిక్స్‌ను ఐదు మ్యాచీల్లో మట్టి కరిపించి ఆ ఏటి టైటిల్ గెలిచింది. అదే మనిషి, అదే మనసు. ఆ మరుసటి ఏడు, 1968లో, మొత్తం లీగులో అందరికంటే ఎక్కువ అసిస్టులు చేశాడు. ఆ సంవత్సరమే బోస్టన్‌తో ఏడో మ్యాచి 100–96 తేడాతో ఓడిపోయారు. రెండో సగంలో ఛాంబర్లెయిన్ బుట్టకేసి విసిరింది రెండేసార్లు. వెంటనే, పట్టుదల లేదు, చేతులెత్తేశాడు అన్నారు. ఎక్కువ విసిరితే స్వార్థం, తక్కువ విసిరితే పిరికితనం! ఆ రెండో సగంలో బంతి అతనిదాకా ఎన్నిసార్లు వచ్చిందో అడిగినవాళ్ళు తక్కువ. మంచి ఆటగాడైన బిల్లీ కనింగ్‌హామ్ చెయ్యి విరిగి బయట ఉన్నాడన్నదీ గుర్తు చేసుకోలేదు.

ఓడినవాడిలో లోపం వెతకడం, గెలిచినవాడిలో గుణం వెతకడం మనుషుల అలవాటు. ఫలితం తెలిశాక గుణం పేరు పెట్టడం ఎవరికైనా చేతనౌను. బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డులో మార్కుల గడుల కింద ‘ప్రవర్తన’ అని ఒక గడి ఉంటుంది. చాలా బడుల్లో దానికెదురుగా అందరికీ ఒకటే మాట రాస్తారు, లేదా మాస్టారికి నచ్చిన పిల్లవాడికి ఒక మాట, నచ్చనివాడికి ఒక మాట. మార్కుల్లో పొరపాటుంటే పేపరు తీసి కూడి చూపించమని పిల్లవాడు అడగగలడు. ప్రవర్తన గడిలో రాసినదాన్ని ఏం పెట్టి కూడతాడు? అంకె ఎంత మొద్దుదైనా, దాన్ని ప్రశ్నించవచ్చు. ఛాంబర్లెయిన్‌కు ఆ 31,419 పాయింట్లు, 23,924 రీబౌండ్లు లేకుండా, జనం అతని మనసు గురించి చెప్పుకున్న మాటలే మిగిలి ఉంటే, ఇవాళ అతని పేరు ఏ స్థితిలో ఉండేదో ఊహించుకోండి.

ఆ కాలంలో వీళ్ళిద్దరూ నల్లజాతి ఆటగాళ్ళన్నది కూడా మరవరాదు. 1961 అక్టోబరులో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ప్రదర్శన మ్యాచికి వెళ్ళిన సెల్టిక్స్ నల్లజాతి ఆటగాళ్ళకు హోటలు కాఫీ దుకాణంలో వడ్డించమన్నారు. రస్సెల్, అతని సహచరులు ఆ మ్యాచి ఆడకుండా ఇంటికి బయలుదేరారు. అలాంటి దేశంలో, ఆటగాళ్ళ గుణం గురించి తీర్పులు రాసేవాళ్ళ కళ్ళు ఎంత నిర్మలంగా ఉండి ఉంటాయి? 1966లో రస్సెల్ ఆటగాడిగా ఉంటూనే సెల్టిక్స్ శిక్షకుడయ్యాడు. ఎన్.బి.ఎ.లో ఆ పదవి పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి అతనే. శిక్షకుడిగానూ 1968, 1969 టైటిళ్ళు గెలిచాడు.

ఆ ఆఖరి టైటిల్ సంగతి చెప్పి ముగిస్తాను. 1969 మే 5. లాస్ ఏంజిల్స్‌లో ఫైనల్ ఏడో మ్యాచి. ఛాంబర్లెయిన్ అప్పటికి లేకర్స్‌లో చేరాడు. లేకర్స్ యజమాని గెలుపు ఖాయమనుకుని పైకప్పు నిండా రంగు బుడగలు వలల్లో కట్టి ఉంచాడు. ఆట ఆఖరి ఘట్టంలో, లేకర్స్ వెనకబడి ఉండగా, ఛాంబర్లెయిన్ మోకాలికి దెబ్బ తగిలి బయటికి వెళ్ళాడు. లేకర్స్ పుంజుకుని ఒక్క పాయింటు తేడాకు వచ్చారు. తిరిగి ఆడతానని ఛాంబర్లెయిన్ అడిగితే శిక్షకుడు వద్దన్నాడు. బోస్టన్ 108, లాస్ ఏంజిల్స్ 106. ఆ ఫైనల్‌కు ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కు ఇచ్చారు. ఆ మ్యాచిలో అతను 42 పాయింట్లు చేశాడు. ఆ బహుమతి ఇవ్వడం అదే మొదలు, ఓడిన జట్టువాడికి దక్కడం ఇప్పటివరకూ అదొక్కసారే.

అప్పటిదాకా రస్సెల్, ఛాంబర్లెయిన్ మంచి స్నేహితులు. పండగనాడు రస్సెల్ ఛాంబర్లెయిన్ ఇంటికి భోజనానికి వెళ్ళేవాడు. ఆ మ్యాచి తర్వాత, అలాంటి ఆట మధ్యలో ఛాంబర్లెయిన్ బయటికి వెళ్ళకుండా ఉండవలసిందని రస్సెల్ బహిరంగంగా తప్పుపట్టాడు. ఆటగాడి గుండెబలాన్ని తూచగలవాడు ఆ రోజుల్లో ఎవరైనా ఉన్నారంటే అది రస్సెలే. అతనే ఆ తూకం తప్పాడు. ఆ తర్వాతి సీజన్ మొదట్లోనే ఛాంబర్లెయిన్ మోకాలి నరం తెగింది, ఆ ఏడు లీగు దశలో పన్నెండు మ్యాచీలే ఆడాడు. ఇద్దరి మధ్యా సుమారు ఇరవై ఏళ్ళు మాటలు లేవు. చివరికి రస్సెల్ క్షమాపణ చెప్పాడు, మళ్ళీ కలిశారు. ఛాంబర్లెయిన్ 1999 అక్టోబరు 12న చనిపోయాడు. ఆ వారంలో జరిగిన సంతాప సభలో రస్సెల్ కూడా నిలబడి స్నేహితుడి గురించి మాట్లాడాడు.